ఏడో గుంట

దైవాధీనం గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నాడు. మింగలేదు. ముందు నాలుక చివరకు తెచ్చాడు, తర్వాత రెండు పక్కలకూ తిప్పాడు, ఆఖరున గొంతు దగ్గర కాసేపు ఆపాడు. మనసులో అరవై దాకా లెక్కపెట్టి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు. అప్పుడు కళ్లు తెరిచి, బావి గట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నిన్నటి దాకా అనుమానం. ఇవాళ అనుమానం లేదు. నీళ్లు ఉప్పెక్కుతున్నాయి.

అతని చేతిలో ఉన్నది వేలెడంత గాజు గ్లాసు. చర్చిలో ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం పోసి ఇచ్చే గ్లాసుల్లో అదొకటి. అంచు కాస్త పెచ్చు ఊడిందని పదేళ్ల కిందట పాస్టరు అబ్రహాముగారు తీసి పక్కన పెడితే, నీళ్లు చూసుకోవడానికి పనికొస్తుందని అడిగి తెచ్చుకున్నాడు. రుచి చూడడానికి చెంబు పనికిరాదు. ఇత్తడి తన రుచి తాను కలుపుతుంది, మట్టి తన రుచి తాను కలుపుతుంది. గాజు ఏమీ కలపదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వేవాళ్లు. నీళ్లకు రుచేమిటనేవాళ్లు. నీళ్లకు రుచి లేదనుకునేవాళ్లంతా అదృష్టవంతులని దైవాధీనం ఉద్దేశం.

మనిషి అంత చూడదగ్గవాడేం కాదు. అరవైకి అటో ఇటో ఉంటాయి. పొట్టి, బక్కపలచన. మోకాళ్ల పైకి కట్టిన పంచె, భుజం దగ్గర చిరిగిన బనీను. రేగుదిబ్బ పేటలో నలుగురు నిలబడి మాట్లాడుకుంటుంటే పక్కనే ఉన్న అయిదోవాడు ఇతనని ఎవరికీ గుర్తుండదు. కుడి అరచెయ్యి మాత్రం వేరే ఎవరిదో తెచ్చి అతికించినట్టుంటుంది. తోలు చెప్పు అడుగంత మందం. దాని మధ్యన గుండ్రంగా ఒక అచ్చు. ఇనప గొట్టం నోరు ముప్పై ఏళ్లపాటు నొక్కి నొక్కి పెట్టిన అచ్చు అది, రుద్దినా పోదు.

బోరు దించేటప్పుడు మూడు సరుగుడు వాసాలు నిలబెట్టి కట్టిన ముక్కాలి మీదికి ఎక్కి కూర్చునేది అతనే. కింద మనుషులు మోకు లాగి గొట్టాన్ని జానెడు లేపి వదులుతారు. గొట్టం లేచేటప్పుడు దాని నోరు అరచేత్తో మూయాలి, పడేటప్పుడు చెయ్యి తియ్యాలి. తీసిన ప్రతిసారీ భూమి లోపలి బురద నీళ్లు చేతిలోకి ఎగజిమ్ముతాయి. ఆ బురద చిటికెడు నాలుక మీద వేసుకుని, ఎన్నో అడుగున ఏ నీళ్లున్నాయో చెప్పడం అతని పని. కోడూరు నుంచి గుడివాడ దాకా అతని అరచేతి కింద నుంచి దిగిన గొట్టాలే. తన మొగుడు తిన్న అన్నం కంటే దివిసీమ మట్టే ఎక్కువని మార్తమ్మ ఎగతాళి చేసేది.

దివిసీమలో భూమి కింద రెండు నీళ్లున్నాయి. పైన కృష్ణ పెట్టిపోయిన తీపి నీళ్లు, పలచగా. కింద సముద్రం. రెంటికీ మధ్యన అరవై అడుగుల దగ్గర నల్లటి జిగురుమట్టి పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. అది ఉన్నంతకాలం పైవాళ్లు పైన, కిందవాళ్లు కింద. దాన్ని చిల్లి పొడిస్తే సముద్రం పైకొస్తుంది. ఈ మాట పుస్తకాల్లో ఉందో లేదో దైవాధీనానికి తెలియదు. అతను మట్టిలో తెలుసుకున్నాడు.

భూమి పైన కూడా రెండు నీళ్లే. ఊరికి ఒక చెరువు, రెండు బావులు. పేటవాళ్లు వాటిలో చెయ్యి పెట్టకూడదు. గట్టు కింద కుండ పెట్టుకుని, ఎవరికైనా దయ కలిగి పైనుంచి పోసేదాకా నిలబడాలి. మార్తమ్మ కొత్త కోడలుగా వచ్చిన ఏడు ఒకనాడు పొద్దున నిలబడితే పొద్దు నడినెత్తికొచ్చింది. ఆమె ఖాళీ కుండ తెచ్చి అరుగు మీద బోర్లించింది. మరుసటి వారమే దైవాధీనం తన గొట్టాలు తెచ్చుకుని పేట చుట్టూ గుచ్చడం మొదలుపెట్టాడు. పద్నాలుగు చోట్ల ఉప్పు. పదిహేనో చోట, చర్చి వెనకాల, తీపి తగిలింది. అక్కడే ఒరలు దించి బావి కట్టారు. ముప్పై ఏళ్లయింది. వేసవిలో కాలవలు కట్టేసి ఊరి చెరువు బురద తేలినా ఈ బావి తగ్గలేదు.

ఆ బావే ఇప్పుడు చెడుతోంది. చెడుతోందని లోకంలో ఒక్క నాలుకకు తెలుసు. ఎవరి వల్ల చెడుతోందో కూడా ఆ నాలుకకే తెలుసు.

"మావయ్యా, తెల్లారకుండానే వచ్చేశావే? బావిలో ఏమన్నా పారేసుకున్నావా?"

రమణమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. చర్చికి అవతలి పక్క ఇల్లు. నోరు పెద్దది, మనసు మంచిది.

"నిద్ర పట్టలేదమ్మా" అన్నాడు గ్లాసు పంచె మడతలో దోపుకుంటూ.

"నాకూ అంతే. ఆ ఏడుకొండలు కొట్లో కందిపప్పు తెచ్చాను చూడు, రెండు జాములు మంట పెట్టినా బద్ద బద్దలాగే ఉంది. పోన్లే టీ తాగుదామంటే పాలు విరిగినయ్. సబ్బు రుద్దితే నురగ లేదు. అన్నీ ఒక్కసారే పాడైపోతున్నయ్. ఎండలకంటావా?"

"ఎండలకే" అన్నాడు దైవాధీనం.

పప్పు ఉడకకపోవడంలో పప్పు తప్పు లేదని, ఏడుకొండలు తప్పు అసలే లేదని అతనికి తెలుసు. రమణమ్మ చేద వేసి తోడుతుంటే ఆ చప్పుడు వినలేక ఇంటి దారి పట్టాడు. ఇంకో నెల పోతే రమణమ్మ నాలుకకూ తెలుస్తుంది. ఆ తర్వాత ఆడవాళ్లంతా కుండలు పట్టుకుని ఊరి చెరువు గట్టు కింద నిలబడతారు. మార్తమ్మ కూడా. యాభై దాటిన మార్తమ్మ.

మార్తమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ కోసి పెట్టింది.

"ఇప్పుడొద్దు" అన్నాడు.

"రాత్రీ తినలా."

"పనుంది. బందరు నుంచి కాలేషా వస్తున్నాడు, గొట్టాలు తీసుకుని."

మార్తమ్మ చెయ్యి కంచం మీద ఆగింది. ముప్పై ఏళ్ల కాపురం. ఇతను ఎప్పుడు అన్నం ముట్టడో ఆమెకు తెలుసు. చెడ్డ గుంట మూసేదాకా మెతుకు తాకకూడదని బోరు పనివాళ్ల కట్టడి. దైవాధీనానికి పని నేర్పిన నాగుల్ మీరా పెట్టిన కట్టడి అది. ఉప్పు తగిలిన గుంటను వదిలెయ్యకూడదు. జిగురుమట్టి ఉండలు చేసి, ఒక్కొక్కటే జారవిడిచి, గడ్డపారతో దిమ్మించి, అడుగు నుంచి నోటి దాకా మూసుకుంటూ రావాలి. అప్పుడే చేతులు కడుక్కోవాలి. ఆకలి మీద ఉన్నవాడు పని రేపటికి వాయిదా వెయ్యడు, అదీ నాగుల్ మీరా లెక్క.

"ఏ గుంటయ్యా?" అంది మార్తమ్మ.

అతను పార భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆమె కంచం మీద మూత పెట్టింది.

ఆ గుంట కథ ఫిబ్రవరిలో మొదలైంది. భూమి కింద నూనె ఉందేమో చూడడానికి సర్వే పార్టీ ఒకటి వచ్చి ఊరి బయట గుడారాలు వేసింది. వరసగా గుంటలు దించి, అడుగున మందు పెట్టి పేల్చి, ఆ అదురు ఎంత లోతుకు వెళ్లి ఎలా తిరిగొస్తుందో మిషన్లతో గీతలు గీయించుకునేవాళ్లు. గుంటకు నూరడుగులు. వాళ్ల లారీ మిషను ఈ బురదలో దిగబడిపోతే చేత్తో దించేవాడి కోసం వెతికారు. ఎవరో దైవాధీనం పేరు చెప్పారు. రంజాను నెల కనుక ఎప్పుడూ తోడుగా పనిచేసే కాలేషా బందరులోనే ఉండిపోయాడు. మోకు లాగడానికి పార్టీ కూలీలే ఉన్నారు.

పార్టీ ఇంజనీరు యుగంధర్ పాతికేళ్లవాడు. తొలి రోజే వచ్చి, "మేస్త్రి గారూ, నాలుక మీద వేసుకుంటే ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాడు. దైవాధీనం ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాడు, ఎవరిని పిలుస్తున్నాడో అని. అరవై ఏళ్లలో అతన్ని గారు అన్న మొదటి మనిషి ఆ కుర్రాడు. అడగడమే కాదు, తనూ ఇంత బురద నాలుకకు రాసుకుని, మొహం చిట్లించి, నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఏడో గుంట పేట బావికి తూర్పున నలభై గజాల్లో పడింది. అరవై రెండడుగుల దగ్గర జిగురుమట్టి తగిలింది.

"ఇక్కడ ఆపేద్దాం సార్. దీని కింద ఉప్పుంది" అన్నాడు దైవాధీనం.

"నూరు లేకపోతే గీత పడదండీ మేస్త్రి గారూ. పనయ్యాక మీరెలాగూ మూసేస్తారు కదా."

అదీ నిజమే అనిపించింది. మూసెయ్యడం అతనికి కొత్త కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. నూరడుగులు చేత్తో దించగలడని ఆ కుర్రాడికి చూపించాలని అతనికి ఉబలాటంగా ఉంది. దించాడు. మందు పెట్టి పేల్చారు. నేల కింద ఎవరో పక్కకు ఒత్తిగిలినట్టయింది. గుంట నోట్లోంచి బురద తాటిచెట్టెత్తు లేచింది. పేటలో చూరు కింద కుండలు గలగలలాడాయి. మర్నాడు బావి నీళ్లు కాస్త మడ్డిగా ఉన్నాయన్నారు, తర్వాత తేరుకున్నాయి.

పేల్చేసరికి మధ్యాహ్నమైంది. ఇక మట్టి ఉండలు చెయ్యాలి. దైవాధీనం పార తీసుకుని కాలవ వైపు బయల్దేరుతుంటే యుగంధర్ ఎదురొచ్చాడు. "రండి మేస్త్రి గారూ, భోంచేద్దాం. రేపటి నుంచి క్యాంపు మోపిదేవి వైపు వెళ్తోంది, మళ్లీ కలుస్తామో లేదో."

గుడారంలో బల్ల. బల్ల మీద తెల్లగుడ్డ. చుట్టూ నాలుగు కుర్చీలు. దైవాధీనం అలవాటుగా బయట నీడ ఎక్కడుందా అని చూశాడు, ఆకు పట్టుకుని కూర్చోవడానికి. యుగంధర్ ఒక కుర్చీ వెనక్కి లాగి, "కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాడు. బురద కాళ్లు బల్ల కిందికి ముడుచుకున్నాడు. పింగాణీ పళ్లెంలో ఎవరో అన్నం వడ్డించారు, కూర వడ్డించారు, ఇంకాస్త వేసుకోమన్నారు. మొదటి ముద్ద ఎత్తినప్పుడు గుంట గుర్తొచ్చింది. తిన్నాక మూద్దాంలే అనుకున్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి అలా అనుకున్నాడు. తిన్నాక జీపులో ఎక్కించుకుని మోపిదేవి దగ్గర కొత్త చోటు చూపించడానికి తీసుకెళ్లారు. జీపు ఎక్కడం కూడా అదే మొదలు. అక్కడ వారం పట్టింది. తిరిగొచ్చి చూస్తే గుంట గోడలు జారి, నోరు పూడినట్టే ఉంది. తాటి మొద్దు ఒకటి దిగ్గొట్టి, పైన మట్టి తొక్కేశాడు. పైకి చూస్తే అక్కడ గుంట లేదు. అరవై రెండడుగుల కింద దాని నోరు తెరుచుకునే ఉంది.

కుర్చీలో కూర్చుని తిన్న సంగతి అతను మార్తమ్మకు కూడా చెప్పలేదు. చెప్పుకుని సంతోషపడాల్సిన సంగతి.

కాలేషా పొద్దెక్కేసరికి వచ్చాడు. మొదటి బస్సు టాపు మీద గొట్టాలు వేసుకుని అవనిగడ్డ దాకా, అక్కడి నుంచి ఎడ్లబండి మీద. నాగుల్ మీరా కొడుకు. యాభై ఏళ్లవాడు, సన్నటి గడ్డం, మాటలు తక్కువ.

"కార్డు అందిందన్నా. ఎవరికీ చెప్పొద్దని రాశావు. ఎందుకో రాయలా."

"ఏడో గుంట మూయలేదురా."

కాలేషా గొట్టం బండి మీద నుంచి దించుతున్నవాడు దించకుండా ఆగాడు. "ఎప్పటిది?"

"మీ రంజాను నెల్లో."

"మూడు నెలలు" అన్నాడు కాలేషా. "అన్నం తిన్నావా ఆ రోజు?" అని అడిగాడు.

దైవాధీనం తల దించుకున్నాడు. "తిన్నా. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తిన్నా."

నాగుల్ మీరా బతికుంటే గొట్టం విసిరికొట్టేవాడు. కాలేషా గొట్టాన్ని మెల్లగా కింద పెట్టాడు. "సర్లే అన్నా. నేనూ ఇవాళ ఏం తినకుండానే వచ్చా, పద" అన్నాడు.

మొద్దు పెకలించి, ముక్కాలి నిలబెట్టి, గొట్టాలు ఒకదానికొకటి బిగించుకుంటూ దించారు. మోకు లాగడానికి పేట మగవాళ్లు ఇద్దరు వచ్చారు. చర్చికి పంపు పెడుతున్నారనుకున్నారు. దైవాధీనం అవునని అనలేదు, కాదనీ అనలేదు. పైన కూర్చుని అరచేత్తో గొట్టం నోరు మూస్తూ, తీస్తూ, నాలుక మీద వేసుకుంటూ ఉన్నాడు. నలభై అడుగులు. యాభై. అరవై రెండు దగ్గర జిగురుమట్టి ఆపాలి. ఆపలేదు. గొట్టం ఒక్క ఉదుటున నాలుగడుగులు కిందికి జారిపోయింది. అతని చెయ్యి గాలిలో ఉండిపోయింది.

మందు పేలినప్పుడు పొరలో చిల్లి చిల్లిగా ఉండలేదు, పొరే పగిలింది. ఎంత వెడల్పు పగిలిందో దేవుడికే తెలియాలి.

మరుసటి బురద నాలుక మీద వేసుకున్నాడు. చేదు. దివి చివర సముద్రంలో మునిగినప్పుడు నోట్లోకి వెళ్లే చేదు. ఇన్ని రోజులూ పొద్దున్నే బావి దగ్గర అణుచుకున్న భయమంతా ఆ ఒక్క చిటికెడుతో బయటికొచ్చింది. ముక్కాలి వాసం రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎన్ని ఉండలు పడతాయన్నా?" కింద నుంచి కాలేషా అడిగాడు.

"రెండు వందలనుకున్నా. వెయ్యికి తక్కువ కావు."

"మనిద్దరం రెండు రోజులు చెయ్యాలి."

"గోడలు వదులైపోయినయ్. పొద్దు గూకేలోపల మూయకపోతే కూలి గొట్టాన్ని పట్టేస్తాయి. ఇంకెప్పటికీ మూయలేం."

ఇద్దరూ పేట వైపు చూశారు. వెయ్యి ఉండలకు చేతులు కావాలి. చేతులు కావాలంటే నోరు విప్పాలి.

దైవాధీనం దిగాడు. బావి దగ్గర ఎనిమిదిమంది ఆడవాళ్లున్నారు, మార్తమ్మ, రమణమ్మ కూడా. అతను వాళ్ల ముందు నిలబడ్డాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేనివాడు, బురద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచెకు తుడుచుకున్నాడు.

"పప్పు ఉడకనిది ఎండలకి కాదమ్మా. బావిలోకి ఉప్పొస్తోంది. నేను దించిన గుంటలోంచే. మూయాల్సిన రోజు మూయకుండా వెళ్లి, సర్వే వాళ్ల బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని అన్నం తిన్నాను. మూడు నెలల నుంచి మీకు చెప్పలేక చస్తున్నా. నాకు భయంగా ఉంది."

రమణమ్మ చేతిలోని చేంతాడు జారి చేద బావిలో పడింది. ఆమె దాన్ని చూడలేదు.

"నువ్వు పెట్టిన బావి నువ్వే చెడగొట్టావా మావయ్యా?" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండునని దైవాధీనానికి అనిపించింది. "మళ్లీ ఆ గట్టు కింద నిలబడమంటావా మమ్మల్ని? నా కూతుర్ని?"

మార్తమ్మ అతని వైపు చాలాసేపు చూసింది. కోపంగా చూసిందో, జాలిగా చూసిందో అక్కడున్నవాళ్లు తర్వాత కూడా చెప్పలేకపోయారు. తర్వాత చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంది.

"నిలబడి మాట్లాడుకుంటే ఉండలవ్వవు. మట్టెక్కడిది కావాలి?" అంది.

"కట్టేసిన కాలవ అడుగుది. నల్లటిది."

నిమ్మకాయంత ఉండ. పైన ఎండి, లోపల తడిగా ఉండాలి. పచ్చిగా వేస్తే దారిలోనే కరిగిపోతుంది, పూర్తిగా ఎండితే కింద అతుక్కోదు. ఆపైన బూడిదలో పొర్లించాలి. మొదటి పది ఉండలూ చేసి చూపించాడు. ఆ తర్వాత చూపించాల్సిన పని లేకపోయింది. గంటలో పేట పేటంతా కాలవలోకి దిగింది. పిల్లలకు చద్దన్నం పెట్టి కూర్చోబెట్టారు. చెప్పినవాళ్లెవరూ లేరు గాని, ఆ మధ్యాహ్నం పేటలో ఒక్క పొయ్యి కూడా వెలగలేదు. రమణమ్మ అందరికంటే ఎక్కువ ఉండలు చేసింది. చేసినంతసేపూ అతనితో మాట్లాడలేదు.

దైవాధీనం మళ్లీ పైకెక్కాడు. నెత్తి మీద ఎండ. కింద నుంచి కాలేషా తట్టలు అందిస్తుంటే ఒక్కో ఉండ గొట్టంలోకి వదిలాడు. వదిలి, అరచెయ్యి గొట్టం మీద ఆనించేవాడు. ఉండ కిందికి దిగుతున్నంతసేపూ ఆ అదురు అరచేతికి తెలుస్తుంది, అడుగు చేరాక ఆగిపోతుంది. ఆగితే ఇంకోటి. ఇరవై పడ్డాక పొడుగు గడ్డపార దించి దిమ్మించడం, గొట్టం అడుగెత్తు లాగడం, మళ్లీ ఇరవై. మొదటి మూడు వందలూ ఎక్కడికి పోయాయో తెలియలేదు. గడ్డపార దిగితే దిగినంత దిగింది. దైవాధీనం పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనో లెక్కో వినపడలేదు. నాలుగు వందలు దాటాక గడ్డపార ఠప్పున ఆగింది.

"పట్టిందన్నా" అన్నాడు కాలేషా.

"ఇంకా అందించు" అన్నాడతను. గొంతు పీలగా వచ్చింది. "దిగు, నేనెక్కుతా" అన్నాడు కాలేషా రెండుసార్లు. దిగలేదు. అదురు తన అరచేతికి తెలిసినట్టు ఇంకో చేతికి తెలియదన్నాడు. ఎడమ భుజం లాగుతోందని చెప్పలేదు. కుడి చెయ్యి పనిచేస్తోంది కదా, అది చాలనుకున్నాడు.

పొద్దు చర్చి కప్పు వెనక్కి వెళ్లేవేళకు ఆఖరి గొట్టం బయటికొచ్చింది. వెయ్యీ నూట అరవై ఉండలు. గుంట నోరు జిగురుమట్టితో నిండి, మడమతో తొక్కితే కదలకుండా ఉంది. నీరు ఊరలేదు. దైవాధీనం ముక్కాలి దిగడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి దిగాడు. మార్తమ్మ వచ్చి జబ్బ పట్టుకుంది.

"ఇంటికి పద. అన్నం వండుతా" అంది.

"ఒక్కసారి బావి చూసి వస్తా."

అందరూ అతని వెనకే నడిచారు. రమణమ్మ దాటుకుని ముందుకెళ్లి, బావిలో పడ్డ చేద పైకి తీసి, నీళ్లు తోడి గట్టు మీద పెట్టింది. పొద్దుటి నుంచి మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"పప్పు ఉడుకుతుందా మావయ్యా ఇక?"

"ఇవాళే ఉడకదు తల్లీ. వచ్చిన ఉప్పు పోవాలి కదా. కాలవ వదలాలి, వానలు పడాలి. మెల్లగా."

"పోతోందో లేదో మాకెట్టా తెలిసేది?"

"నేను చెప్తాగా" అన్నాడు.

పంచె మడతలోంచి గ్లాసు తీసి చేదలో ముంచాడు. ఒరకు ఆనుకుని కూర్చున్నాడు. గుక్కెడు నోట్లో పోసుకుని, మిగిలింది గ్లాసుతో సహా గట్టు మీద పెట్టి, కళ్లు మూసుకున్నాడు. దవడలు మెల్లగా కదిలాయి. పేటంతా చూస్తోంది. అతని లెక్క కాలేషాకు తెలుసు కనుక తనూ పెదాలు కదపకుండా లెక్కపెట్టాడు. ముప్పై. నలభై. అరవై. డెబ్భై దగ్గర కాలేషా మార్తమ్మ వైపు చూశాడు.

"ఏమయ్యా" అంది మార్తమ్మ.

దైవాధీనం పెదాల చివర నుంచి నీళ్లు సన్నగా కారి, గడ్డం మీదుగా బనీను మీద పడ్డాయి. ఉమ్మలేదు, మింగలేదు. మార్తమ్మ వంగి కొంగుతో తుడిచింది. భుజం మీద చెయ్యి వేస్తే తల ఆమె చేతి మీదికి వాలింది. కుడి అరచెయ్యి ఒళ్లో తెరిచే ఉంది, మధ్యన గుండ్రటి అచ్చుతో.

మర్నాడు సమాధి చేశారు. అబ్రహాముగారు వాక్యం చదివారు. కాలేషా గొట్టాలు పేటలోనే వదిలేసి, మట్టి వేసి, రమణమ్మ ఇంట్లో రెండు ముద్దలు తిని బందరు బస్సెక్కాడు. పప్పు బద్ద బద్దగానే ఉంది. అతను ఆ మాట అనలేదు.

ఆ తర్వాత పేటకు అసలు భయం పట్టుకుంది. బావి దగ్గరికి వచ్చినవాళ్లంతా దోసిట్లో నీళ్లు నోట్లో పోసుకుని కళ్లు మూసుకోవడం మొదలుపెట్టారు. ఒకరికి ఉప్పుందనిపించేది, ఇంకొకరికి లేదనిపించేది. పొద్దున తీపి అన్నవాళ్లే సాయంత్రం ఉప్పన్నారు. అడగడానికి ఆ మనిషి లేడు.

నాలుగో రోజున మార్తమ్మ నీళ్లకు వచ్చింది. గ్లాసు అతను పెట్టినచోటే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నీళ్లు ఎండకు ఆరిపోయి, గ్లాసు అడుగున తెల్లగా ఒక గీత మిగిలింది. వేలు పెట్టి గీరి నాలుకకు రాసుకుంది. ఉప్పు. ఆమె గ్లాసుని పైకెత్తి ఎండకు అడ్డం పెట్టి చాలాసేపు చూసింది. అతని నాలుకకు తెలిసేది ఇప్పుడు కంటికి కనపడుతోంది. గ్లాసు కడిగింది. మళ్లీ బావి నీళ్లు అంతే పోసి, అదే చోట పెట్టింది.

నాలుగు రోజులకొకసారి. రెండో గీత మొదటి గీతంతే ఉంది. మూడోదీ అంతే. "ఎట్టా ఉందత్తా?" అని రమణమ్మ అడిగితే, "అంతే ఉంది" అని మార్తమ్మ అనేది. జూన్‌లో కాలవలు వదిలారు. ఆ వారమే మొదటి వాన పడింది. తెరిపివ్వగానే మార్తమ్మ గ్లాసు మళ్లీ కడిగి నింపింది. ఎండ కాసిన నాలుగో రోజు పొద్దున, గీత సన్నబడిందేమో చూద్దామని నీళ్ల బిందెలు పక్కన పెట్టుకుని ఆడవాళ్లంతా బావి చుట్టూ నిలబడ్డారు.

గట్టు మీద, పెచ్చూడిన అంచు తూర్పుకు తిరిగి, ఆ వేలెడంత గ్లాసు ఎండలో ఉంది. అడుగున నీళ్లు ఇంకా పూర్తిగా ఆరలేదు.